చిన్న విమానములో సైకిలు

రామకుప్పం ప్రాంతమువారికి సైకిలును సామానుగా వెంట తీసికొనిపోవుట క్రొత్త సంగతి కాదు. ఒకప్పుడు బస్సు పైకప్పు మీద, కూరగాయల గంపల నడుమ సైకిలు పండుకొని ప్రయాణము చేసెడిది. కండక్టరు దానిని ఒకసారి తేరిపార చూచి లగేజీ టిక్కెట్టు చింపి ఇచ్చెడివాడు, అంతటితో సరి. రైలులోనైనచో రుసుము చెల్లించి రసీదు పుచ్చుకొన్న పిమ్మట బ్రేకువ్యానులో ఒక గోడకు ఆనించి నిలిపెదరు. బస్సుగాని రైలుగాని సైకిలును "నీ పొడవెంత, నీ వెడల్పెంత, నిన్నెక్కడ కూర్చుండబెట్టవలెను" అని అడుగవు. విమానము అడుగును. అది ఎంత చిన్న విమానమైన అంత నిక్కచ్చిగా అడుగును. అట్లడుగుట విమాన సిబ్బంది చాదస్తమని చాలమంది విసుగుకొందురు. చాదస్తము కొంత లేకపోలేదు గాని, దాని వెనుక తూకమునకు, కొలతకు సంబంధించిన లెక్క ఒకటి ఉన్నది. ఆ లెక్క తెలిసినవారికి సైకిలును ఎట్లు తీసికొనిపోవలెనో, ఎప్పుడు ఇంటివద్ద విడిచిపోవలెనో కూడ తెలియును.

ఈ ప్రశ్న ఈ ప్రాంతమున ఇప్పుడు పుట్టుటకు హేతువున్నది. రామకుప్పం, శాంతిపురం మండలముల ప్రాంతములో విమానాశ్రయము నిర్మించుటకు 2019 జనవరిలో శంకుస్థాపన జరిగెను. పిమ్మట పని ముందుకు సాగలేదు. 2024 తరువాత ఆ ఆలోచన మరల కదలినది. ఇచ్చటివారు విమానమెక్కవలెనన్న ఇంతవరకు బెంగుళూరుకో, రేణిగుంట వద్దనున్న తిరుపతి విమానాశ్రయమునకో పోవుటయే వాడుక. రేపు ఇచ్చట విమానము దిగినను, అది దేవనహళ్లిలో దిగు మహావిమానముల వంటిది కాజాలదు. పంకాలు గిరగిర తిరుగు చిన్న విమానమే ఇట్టి ఊళ్లకు తగినది. అందువలన చిన్న విమానముల తత్త్వము తెలిసికొనుట ఈ సీమవారికి అకాలపు పని కాదు.

సైకిలునకు, విమానమునకు చుట్టరికము పాతది. అమెరికాలోని డేటన్ నగరములో రైటు సోదరులు 1892లో సైకిళ్ల దుకాణము పెట్టుకొన్నారు. రెక్క ఎంత వంపుగా ఉన్నచో గాలి దానిని ఎంత బలముతో లేవనెత్తునో కనుగొనుటకు 1901లో వారు చేసిన ప్రయోగములలో ఒకటి సైకిలు మీదనే జరిగినది. హ్యాండిలుబారుకు ముందు ఒక చక్రమును అడ్డముగా, అనగా తిరుగలిరాయి వలె పండుకొనబెట్టి బిగించి, దాని అంచున చిన్న రెక్క నమూనా నొకదానిని, బల్లపరుపు రేకు నొకదానిని నిలిపి, వీథులలో వేగముగా త్రొక్కుచు పోయిరి. గాలి తాకిడికి చక్రము ఏ వైపు తిరుగునో గమనించిరి. 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానములో ఇంజను శక్తిని పంకాలకు అందించినవి సైకిలు తరహా చైనులు, పండ్లచక్రములే. ఆ ఇంజనును నిర్మించిన చార్లెస్ టేలరు వారి సైకిళ్ల దుకాణములోని పనివాడు. సైకిలు పుట్టినింటి నుండి విమానము పుట్టినదన్నను తప్పులేదు. అట్టిది నేడు సైకిలే విమానము గడప వద్ద నిలిచి ప్రవేశము వేడుకొనవలసివచ్చినది.

మన దేశమున మొదటి తరపు ప్రయాణిక విమానములలో ముఖ్యమైనది డకోటా. 1945లో నిజాము ప్రభుత్వ రైల్వేయు, టాటా సంస్థయు కలిసి హైదరాబాదులో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేసు ఈ డకోటాలనే బేగంపేట నుండి నడిపెను. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. డకోటాకు తోకక్రింద చిన్న చక్రముండెడిది. నేల మీద నిలిచినప్పుడు ముక్కు పైకి, తోక క్రిందికి ఉండుటచే లోపలి నేల ఏటవాలుగా నుండెడిది. సామాను కట్టనిచో జారిపోవును. ఆ విమానమునకే యుద్ధకాలమున చేసిన సరకు నమూనాకు సుమారు ఏడడుగుల వెడల్పు గల తలుపుండెను. దానిలోనికి సైకిలును విప్పకుండనే నడిపించుకొని పోవచ్చును. నేటి చిన్న విమానములలో అంతటి వైభోగము లేదు.

ఇప్పుడు మన చిన్న ఊళ్లను కలుపుచున్న విమానములలో ఎక్కువగా కనబడునది ఏటీఆర్ 72. 2015 జూనులో కడప విమానాశ్రయము తెరచిన తరువాతి సంవత్సరములలో అచ్చట దిగినది ఇదియే. హైదరాబాదు కేంద్రముగా 2015 నుండి 2022 వరకు నడిచిన ట్రూజెట్ సంస్థ ఈ జాతి విమానములనే వాడెను. చిన్న పట్టణములకు తక్కువ ఛార్జీతో విమానములు నడుపవలెనని కేంద్ర ప్రభుత్వము పెట్టిన ఉడాన్ పథకము 2017 ఏప్రిల్ 27న ఆరంభమైనప్పుడు తొలినాటి మార్గములలో కడప–హైదరాబాదు ఒకటి. 2021 మార్చిలో కర్నూలు వద్ద ఓర్వకల్లులో విమానాశ్రయము తెరచినప్పుడును ఈ విమానమే వచ్చెను. దీనికంటె చిన్నది డోర్నియరు 228. పందొమ్మిది మందికి మించి పట్టదు. కాన్పూరులో హిందూస్థాన్ ఏరోనాటిక్సు వారు దానిని తయారుచేయుచున్నారు. 2022 ఏప్రిల్‌లో అది అస్సాములోని డిబ్రూగఢ్ నుండి అరుణాచల ప్రదేశములోని పాసీఘాట్‌కు ప్రయాణికులతో ఎగిరెను.

ఏటీఆర్ విమానమును ఎన్నడైన ఎక్కినవారు ఒక వింత గమనించియుందురు. ప్రయాణికులు ఎక్కు ద్వారము వెనుకనున్నది. సామాను గదులు పెద్ద విమానములందు వలె కాళ్ల క్రింద లేవు. ఒకటి పైలట్ల గదికి, ప్రయాణికుల గదికి నడుమ, మరియొకటి వెనుక ద్వారమునకు ఆవల ఉన్నవి. అనగా సామాను కూడ మనతోపాటు ఒకే అంతస్తులో, ఒకే గొట్టములో ప్రయాణము చేయును. విమానము నిలిచియున్నప్పుడు దాని తోకక్రింద ఒక ఊతకర్రను నిలిపియుంచుదురు. అందరును వెనుక మెట్లమీద ఒకేసారి ఎక్కినచో విమానము తోకమీద కూలబడకుండుటకే ఆ కర్ర.

ఎద్దుబండి తోలినవారికి ఈ సంగతిని వేరుగ చెప్పనక్కరలేదు. ఎద్దులను విప్పిన పిమ్మట నొగల క్రింద ఊతకర్ర పెట్టుట వారెరిగినదే. బండిలో మూటలు ఇరుసునకు వెనుకగా పడినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి బిగియును. ముందుగా పడినచో బరువంతయు ఎద్దుల మెడమీదనే. నేర్పరియైన బండివాడు మూటలను ఇరుసునకు ఇటు అటు సర్దుకొనును. విమానములో ఆ ఇరుసు వంటిది రెక్కలున్న చోటు. మొత్తము బరువు యొక్క కేంద్రము ఆ చోటికి కొంచెము ముందు వెనుకలుగా, ముందే నిర్ణయించిన హద్దులలో ఉండితీరవలెను. ఏ గదిలో ఎన్ని కిలోల సామానున్నదో, ఎంతమంది ఏ వరుసలలో కూర్చుండిరో లెక్కవేసి ఒక పత్రము తయారు చేయుదురు. పైలటు దానిపై సంతకము చేసినగాని విమానము కదలదు. మూడువందల మంది కూర్చుండు విమానములో ఒక సైకిలు అటో ఇటో ఉన్నను ఈ లెక్క చెడదు. పందొమ్మిది మంది విమానములో ఇరువది కిలోల పెట్టె వెనుక మూలకు చేరినచో లెక్కను మరల చూడవలసిన అవసరము కలుగవచ్చును. అందుకే ఇట్టి విమానములలో ఒక్కొక్కప్పుడు ప్రయాణికులనే ముందు వరుసకు మారుమని అడుగుదురు. అది మర్యాదలోపమని కోపగించుకొనరాదు. మనలను మూటలుగా సర్దుచున్నారు, అంతే.

ఇక మొత్తము బరువు. ఏటీఆర్ 72 పైకి లేచునప్పుడు అన్నియు కలిపి సుమారు 23 టన్నులకు మించరాదు. విమానము బరువు, ఇంధనము పోగా మనుష్యులకు, సామానుకు మిగులునది ఉజ్జాయింపున ఏడు టన్నులు. పెద్దవారికి చేతిసంచితో సహా 75 కిలోల చొప్పున లెక్కకట్టుట పరిపాటి. 72 మంది ఎక్కినచో 5,400 కిలోలు. తలకు 15 కిలోల సామాను చొప్పున మరి 1,080 కిలోలు. మొత్తము 6,480. మిగిలినది ఐదారువందల కిలోలు. అది చాలునని తోచవచ్చును. కాని ఈ మిగులు వేసవిలో కరగిపోవును. గాలి వేడెక్కినకొలది పలుచబడును. 15 డిగ్రీల వద్దనున్న గాలికంటె 40 డిగ్రీల గాలి సుమారు పండ్రెండవ వంతు పలుచన. ఎత్తునకు పోయినకొలది మరింత పలుచన. కుప్పము, రామకుప్పముల సీమ సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైననున్నది. పలుచని గాలిలో రెక్కలకు పట్టు చాలదు, ఇంజనులకు ఊపిరి చాలదు. కావున వేసవి మధ్యాహ్నము, పొట్టి రన్‌వే మీదనుండి లేవవలసినప్పుడు బరువు తగ్గించుకొనక తప్పదు. మొట్టమొదట దింపునది ప్రయాణికుని కాదు, సామానును. సామానులోను మొట్టమొదట చేయి పడునది అందరికంటె పెద్దగా, అడ్డముగా నిలిచియున్న పెట్టెమీద. అనగా మన సైకిలుమీద.

ఇచ్చటనే అసలు కష్టమున్నది. దింపిన సామాను పోదు. తరువాతి విమానములో వచ్చును. కాని చిన్న ఊరికి తరువాతి విమానము రేపో ఎల్లుండియో. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, ఢిల్లీ ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణములోను సైకిలు పందెములకై కట్టిన వాలుబాటలున్నవి, వానిని వెలోడ్రోములందురు. మన జిల్లానుండి ఒక బాలిక అట్టిచోట పందెమునకు పోవుచున్నదనుకొందము. పందెము రేపు ఉదయము. సైకిలు ఎల్లుండి విమానములో. ఇతరుల సైకిలు ఎరువు తెచ్చుకొని ఎక్కవచ్చును గదా అని మనమనుకొందుము. ఎత్తు, కాలి పొడవు, చేతి చాపు అన్నియు కొలిచి అమర్చుకొన్న సైకిలు అది. సీటు అంగుళము మారినను మోకాలు ఒప్పుకొనదు. మా కేంద్రమునకు వచ్చు వీణ విద్వాంసులను ఇతరుల వీణమీద కచేరి చేయుమని ఎవరైన అడుగుదురా? పొడవైన దండి, గుండ్రని కుండ, మీటిన విరుగునంతటి సున్నితము గల ఆ వాద్యముతో విమానమెక్కు వైణికులకు ఈ సైకిలువారి బాధ చక్కగా అర్థము కాగలదు.

కనుక పందెమునకు పోవువారు ఒకరోజు ముందుగా బయలుదేరుట, అందులోను చల్లని గాలియుండు తెల్లవారుజాము విమానమును ఎన్నుకొనుట మేలు. ఈ రెండు జాగ్రత్తలకు ఖర్చు లేదు.

బరువుకంటె సైకిలునకు ఎక్కువ చెరుపు చేయునది దాని ఆకారము. పందెపు సైకిలు ఎనిమిది తొమ్మిది కిలోలే తూగును. ఒక మోస్తరు సూట్‌కేసుకంటె తేలిక. కాని దానిని పెట్టిన అట్టపెట్టె పొడవు 140, ఎత్తు 80, మందము 20 సెంటీమీటర్లుండును. మూడింటిని కూడిన 240. సాధారణ సామానుకు విమాన సంస్థలు పెట్టు హద్దు చాలచోట్ల 158. హెచ్చించి చూచినచో ఈ పెట్టె ఆక్రమించు చోటు ఘనమీటరులో నాలుగవ వంతునకు కొంచెము తక్కువ; రెండు పెద్ద సూట్‌కేసులకు పైగా. ఏటీఆర్ సామాను గదులన్నియు కలిపి పదిన్నర ఘనమీటర్లే. డెబ్బదిరెండుమంది సామాను సర్దిన పిమ్మట అందు ఒకటి రెండు సైకిళ్లకు చోటు దొరకవచ్చును. ఒక జట్టు మొత్తము పది సైకిళ్లతో వచ్చినచో దొరకదు. తలుపు సమస్య మాత్రము ఏటీఆర్‌లో లేదు. ముందరి సామాను తలుపు మీటరుంబావునకు మించిన వెడల్పు, సుమారు మీటరున్నర ఎత్తు. పెద్ద విమానమైన బోయింగు 737 సామాను తలుపు దీనికంటె పొట్టిది.

ఇదే పెట్టెను వెంట తీసికొనిపోక విమానములో సరకుగా పంపినచో మరియొక లెక్క వచ్చును. సరకుకు అసలు బరువు, ఆకారపు బరువు అని రెండు చూచి, ఏది ఎక్కువైన దానికి కిరాయి కట్టుదురు. ఆకారపు బరువునకు ప్రతి 6,000 ఘన సెంటీమీటర్లకు ఒక కిలో అని లెక్క. 140ని 80తో, మరల 20తో హెచ్చించి 6,000తో భాగించిన 37 కిలోలు. పెట్టెతో సహా పండ్రెండు కిలోలు తూగు సైకిలు కాగితముమీద ముప్పదియేడు కిలోలగును. ప్రత్తిమూటను బస్సులో పంపినవారికి ఈ న్యాయము తెలిసినదే.

మనదేశములోని విమానములలో చాలవానిలో సాధారణ టిక్కెట్టుకు ఉచితముగా ఇచ్చునది 15 కిలోలు. ఏ ఒక్క పెట్టెయు 32 కిలోలకు మించకూడదు. అది ఎత్తు కూలీల నడుము కాపాడుటకు పెట్టిన నియమము, మెచ్చదగినది. సైకిలును క్రీడాసామగ్రిగా ప్రత్యేక రుసుముతో తీసికొను సంస్థలున్నవి, పెద్ద సామానుగా తీసికొనునవియు ఉన్నవి. నియమములు సంస్థను బట్టి మారును, విమానమును బట్టియు మారును. అందుచేత టిక్కెట్టు కొన్ననాడే సంస్థవారికి వ్రాసి పెట్టె మూడు కొలతలు, బరువు తెలిపి, ఆ రోజు ఆ మార్గమున నడుచు విమానము ఏదో అడిగి, అంగీకారమును వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. ఫోనులో "తెండి, చూతము" అన్న మాటకు తూకపు బల్ల వద్ద విలువ లేదు. రెండు విమానములు మారవలసినప్పుడు చిన్నదానినే ప్రమాణముగా తీసికొనవలెను. విదేశమునుండి బెంగుళూరు వరకు పెద్ద విమానములో సుఖముగా వచ్చిన సైకిలు, అక్కడినుండి చిన్న ఊరికి పోవు విమానము వద్ద ఆగిపోవచ్చును. అట్టి సందర్భమున చివరి మజిలీని రైలులోనో బస్సులోనో ముగించుట వివేకము; మన ప్రాంతమువారికి బెంగుళూరునుండి కుప్పమునకు రైలుండనే ఉన్నది.

విమాన సంస్థలు ఈ నియమములను టిక్కెట్టు కొను చోటనే, తేట తెలుగులో, విమానము పేరుతో సహా ప్రకటించిన ఎంత బాగుండును! పెట్టెతో గుమ్మము వరకు వచ్చిన మనిషిని వెనుకకు పంపుటకంటె ముందే కాదనుట ఉభయులకు గౌరవము.

సైకిలును పెట్టెలో పెట్టుట ఎట్లు? క్రొత్త సైకిళ్లు వచ్చు అట్టపెట్టెలను సైకిళ్ల దుకాణమువారు చిత్తుకాగితములకు వేయుదురు. మంచిమాటతో అడిగినచో ఇత్తురు. మొదట పెడళ్లు తీయవలెను. కుడి పెడలు గడియారపు ముల్లుకు ఎదురుగా త్రిప్పిన ఊడును. ఎడమ పెడలునకు మర తిరగబడియుండును. ముల్లు తిరుగు వైపు త్రిప్పినగాని అది ఊడదు. ఇది తెలియక బలముకొలది పానాతో బిగించి మర చెడగొట్టుకొన్నవారు ఎందరో. పిమ్మట హ్యాండిలుబారును వదులు చేసి ఫ్రేముతో సమానముగా త్రిప్పవలెను. సీటును పూర్తిగా దించవలెను. ముందు చక్రము తీసి, పాత దుప్పటి నడుమ నుంచి, ఫ్రేము ప్రక్కకు కట్టవలెను. చక్రము తీసిన ఫోర్కు రెండు కొనలు బయటికి పొడుచుకొనియుండును. వాని నడుమ ఇరుసంత పొడవుగల కొయ్యముక్క బిగించనిచో మరియొక పెట్టె మీదపడినప్పుడు అవి లోపలికి వంగును. సైకిళ్లకు ప్రయాణములో కలుగు దెబ్బలలో ఇది సామాన్యమైనది. నూనె బ్రేకులు గల సైకిలైనచో చక్రము లేనప్పుడు బ్రేకు పిడి నొక్కకుండ దిమ్మెల నడుమ అట్టముక్క దూర్చవలెను. చైనుకు గుడ్డ చుట్టవలెను. అది మన సైకిలు మేలుకోరి కాదు, ప్రక్కవారి పట్టుచీరల మేలుకోరి. పానాలు చేతిసంచిలో పెట్టినచో తనిఖీవద్ద పోవును, పెట్టెలోనే వేయవలెను. పంక్చరు సొల్యూషను నిప్పంటుకొను ద్రవము, దానిని ఇంటనే విడువవలెను.

టైరులో గాలి తీయవలెనా? తీయనిచో ఆకాశమున టైరు పేలునని చెప్పువారు చాలమంది. లెక్క చూతము. నేలమీద గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌనులు. ఏటీఆర్‌లో సామాను గది కూడ ప్రయాణికుల గది వలె గాలి నింపబడినదే. ఎంత ఎత్తున ఎగిరినను లోపలి ఒత్తిడి ఎనిమిదివేల అడుగుల కొండమీదనున్నట్లు, అనగా సుమారు 10.9 పౌనులుండును. తేడా నాలుగు పౌనులలోపు. 60 పౌనుల గాలిగల టైరు 64 పౌనులదైనట్లుండును. డోర్నియరులో గాలి నింపు ఏర్పాటు లేదు; అది పదివేల అడుగుల ఎత్తున పోయినను తేడా ఐదు పౌనులలోపే. అదే సైకిలును ఉదయము 25 డిగ్రీల చల్లదనమున గాలి కొట్టి, మధ్యాహ్నము 45 డిగ్రీల వేడికి ఎండలో నిలిపినచో వేడికే ఐదు పౌనులు పెరుగును. మన బజారులలో ప్రతి వేసవిలోను జరుగు పనికి భయపడనివారు విమానములో ఎందుకు భయపడవలెను? అయినను సిబ్బంది గాలి తీయుమన్నచో వాదింపక సగము తీయుడు. మొత్తము తీయుట మంచిది కాదు. అడుగునపడ్డ దెబ్బ నేరుగా రిమ్ముకు తగులును.

బ్యాటరీతో నడుచు సైకిళ్ల సంగతి వేరు. వోల్టులను ఆంపియరు-గంటలతో హెచ్చించిన వాట్-గంటలు వచ్చును. 36 వోల్టులు, 10 ఆంపియరు-గంటల బ్యాటరీ అనగా 360 వాట్-గంటలు. ప్రయాణిక విమానములో 100 వరకు అనుమతి; 160 వరకు సంస్థ అంగీకారముతో; అంతకు మించినది సామానులోగాని చేతిలోగాని పనికిరాదు. లిథియము బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట మిక్కిలి కష్టము. కాబట్టి బ్యాటరీని ఇంట విడిచి సైకిలును మాత్రము పంపుటయే గతి.

మడత సైకిళ్లకు ఈ తంటాలు లేవు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యము కొరకు బి.ఎస్.ఏ. సంస్థ ఫ్రేము నడుమ రెండు చెవిమరలు విప్పిన మడతపడు సైకిలును తయారు చేసెను. ముప్పది పౌనులకు పైగా తూగు ఆ సైకిలుతో సిపాయి విమానమునుండి గొడుగుతో దూకెడివాడు. 1944లో నార్మండీ తీరమున దిగిన సేనలవద్దను ఇవి ఉండెను. నేటి మడత సైకిళ్లలో పేరుపడిన బ్రాంప్టను మడిచిన పిమ్మట 58, 56, 27 సెంటీమీటర్లు. మూడింటి మొత్తము 141; 158 హద్దునకు లోబడినది. పదునొకండు కిలోలకు అటు ఇటు. అనగా చిన్న విమానమునకు అది సైకిలే కాదు, ఒక పెట్టె. తరచు ప్రయాణము చేయువారికి దానిని మించినది లేదు. ధర మాత్రము మన సామాన్యునికి అందునది కాదు.

ఇంతకు ఏ సైకిలును విమానమెక్కించవలెను? పాలక్యానులు కట్టి పల్లెదారుల తిరుగు ఇరువది కిలోల నల్లని సైకిలును మాత్రము వలదు. పెట్టెతో కలిసి పదిహేను కిలోలు దాటును. దాటిన ప్రతి కిలోకు కట్టు రుసుముతో పోయినచోట పాతసైకిలే కొనవచ్చును. ఒక సంవత్సరము చదువుకొనుటకు పోవు విద్యార్థికి నా సలహా, ఇచ్చటిది తమ్మునికిచ్చి అచ్చట మరొకటి కొనుమనియే. కాని పారిస్ నుండి బ్రెస్టు వరకు పోయి తిరిగి వచ్చు 1,200 కిలోమీటర్ల దారిని 90 గంటలలో త్రొక్కవలెనని పోవువారి మాట వేరు. 1891లో పుట్టిన ఆ ప్రయాణమునకు 2019, 2023 సంవత్సరములలో భారతదేశమునుండి వందలకొలది పోయిరి. వారిలో తెలుగువారును ఉన్నారు. వారు మోసికొనిపోయినది కేవలము వాహనము కాదు.

పోగొట్టుకొన్నప్పటి సంగతియు చెప్పవలెను. దేశములోని ప్రయాణములలో సామాను పోయినను, చెడినను సంస్థ ఇచ్చు పరిహారమునకు పైహద్దు 20,000 రూపాయలని ప్రయాణికుల హక్కుల పత్రములో ఉన్నది. పందెపు సైకిలు ధర లక్షకు పైబడుట నేడు సామాన్యము. తూకపు బల్లవద్ద "పెళుసు సామాను, బాధ్యత మాది కాదు" అన్న చీటీపై సంతకము పెట్టుమందురు, చదివి పెట్టవలెను. విలువగల సైకిలునకు వేరుగా బీమా చేయుట ఉత్తమము. పెట్టెలో పెట్టుటకు ముందు నాలుగు వైపుల ఫోటోలు తీసియుంచవలెను. దిగిన పిమ్మట విమానాశ్రయము దాటకముందే పెట్టె విప్పి చూచి, దెబ్బ కనబడినచో అచ్చటనే వ్రాయించి నకలు పుచ్చుకొనవలెను. అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము చెడిన సామానును గూర్చి 7 దినములలో, ఆలస్యముగా వచ్చినదానిని గూర్చి 21 దినములలో వ్రాతమూలముగా తెలుపనిచో హక్కు పోవును.

తిరిగి బిగించునప్పుడు విప్పిన వరుసకు వెనుకనుండి రావలెను. ముందు చక్రము, హ్యాండిలుబారు, సీటు, చివరకు పెడళ్లు. ఎడమదానిని చేతితోనే నాలుగు చుట్లు త్రిప్పి మర సరిగా కూర్చున్నదని తెలిసిన తరువాతనే పానా పట్టవలెను. ముందు చక్రమును పైకెత్తి చేతితో చరిచి వదులు లేదని చూడవలెను. గాలి నింపి, చదునైన నేలమీద రెండు ఫర్లాంగులు త్రొక్కి రెండు బ్రేకులును వేసి చూడవలెను. బెంగుళూరులో దిగి చిత్తూరు వైపు త్రొక్కువారు పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుటకు ముందు ఒకసారి నిలిచి ఆ పరీక్షను మరల చేయుదురుగాక.